‘చదువుకో... మేమున్నాం’ అనే ఇల్లు

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మార్కులు బాగానే ఉన్నాయి. ‘తర్వాతేంట్రా?’ అని బాబాయి అడిగితే, ‘ఏదైనా పని చూసుకుంటాలే బాబాయ్’ అంటాడు కుర్రాడు. చదవాలని లేక కాదు. అమ్మానాన్న లేని తనను ఇంతదాకా పెంచారు, ఇంకా భారం కాకూడదని. బాబాయి కూడా ‘సరే, వాడి ఇష్టం’ అనుకుంటాడు. ఎవరి తప్పూ లేకుండానే ఒక చదువు అక్కడ ఆగిపోతుంది.

అమ్మమ్మ, మేనమామ, పిన్ని ఇళ్లలో పెరిగేవారు, బాలల సంక్షేమ కమిటీ ద్వారా ఫోస్టర్ కేర్ కుటుంబాల్లో ఉండేవారు మన తరగతి గదుల్లోనూ ఉంటారు. వాళ్లను పెంచుతున్న పెద్దలు ఏం చేస్తే ఆ చదువు, ఆ కల నిలబడతాయి?

అడగకముందే చెప్పాలి

సొంత ఇంట్లో పిల్లలు ఫీజు కావాలని గట్టిగానే అడుగుతారు. పెంచిన ఇంట్లో పరీక్ష ఫీజుకి కూడా మొహమాటపడతారు. అందుకే మాట పెద్దల వైపు నుంచే రావాలి. ‘డిగ్రీ పూర్తయ్యేదాకా సంపాదన గురించి ఆలోచించకు. ఏటా ఇంత ఇవ్వగలం, మిగతాది స్కాలర్‌షిప్‌తో చూద్దాం’ అని లెక్క విప్పి చెబితే చాలు. ఎంత ఇస్తారన్నదానికన్నా, ఎప్పటిదాకా ఇస్తారన్నది తెలియడమే విద్యార్థికి ధైర్యం.

పెద్దలు చదువుకోకపోయినా ఫర్వాలేదు. కౌన్సెలింగ్‌కు తోడు వెళ్లడం, లెక్చరర్‌తో ఒకసారి మాట్లాడటం, పరీక్షల నెలలో ఇంటిపని తగ్గించడం ఎవరైనా చేయగలిగినవే.

కాగితాలే సగం బలం

ఇళ్లు మారిన పిల్లలకు బళ్లూ మారతాయి. స్థానికత నిరూపించుకోవడానికి స్టడీ సర్టిఫికెట్లు కావాలి కాబట్టి, చదివిన ప్రతి బడి నుంచీ వాటిని తీసుకుని ఉంచాలి. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, విద్యార్థి పేరుతో బ్యాంకు ఖాతా, సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉంటే దాని నకలు... అన్నీ ఒకే ఫైల్లో ఉండాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. కౌన్సెలింగ్ వారంలో పరుగులు పెడితే పని జరగదు.

ఏ సాయం ఎవరికి?

- మిషన్ వాత్సల్య: అర్హత ఉన్న పిల్లలకు స్పాన్సర్‌షిప్ లేదా ఫోస్టర్ కేర్ కింద నెలకు రూ.4,000 అందుతుంది. బంధువుల ఇంట్లో ఉండే అనాథ పిల్లలూ స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి.

- ఏఐసీటీఈ స్వనాథ్ స్కాలర్‌షిప్: అనాథలకు, కొవిడ్‌తో తల్లి లేదా తండ్రిని కోల్పోయినవారికి ఏడాదికి రూ.50,000. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న డిగ్రీ, డిప్లొమా కోర్సులకు వర్తిస్తుంది. ప్రభుత్వం నుంచి వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది రాదు. కాబట్టి ఏది లాభమో ముందే లెక్క చూసుకోండి. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో.

- బీసీ-ఏ రిజర్వేషన్: పదేళ్లలోపు తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునేవారెవరూ లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన అనాథాశ్రమాల్లో, పాఠశాలల్లో చేరిన పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ జాబితాలో చోటుంది.

పద్దెనిమిదితో అయిపోదు

ఫోస్టర్ కేర్ 18 ఏళ్లదాకానే. అంటే సరిగ్గా డిగ్రీ మొదలయ్యే వేళకు ముగుస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం, సంరక్షణ గృహాల నుంచి బయటికొచ్చేవారికి 21 ఏళ్లదాకా ‘ఆఫ్టర్ కేర్’ సాయానికి వీలు కల్పించింది. ప్రత్యేక పరిస్థితుల్లో దాన్ని 23 ఏళ్లదాకా పొడిగించవచ్చు. కుటుంబాల్లో పెరిగినవారికి మాత్రం ఆ ఇంటి తలుపే ఆఫ్టర్ కేర్. హాస్టల్‌కి వెళ్లినా పండక్కి రమ్మనే ఫోన్, ఇంటర్వ్యూకి వెళ్లే ముందు రోజు రాత్రి ఉండటానికి ఓ గది, మొదటి జీతం వచ్చేదాకా బస్సు ఖర్చులు... ఇవి ఏ పథకంలోనూ దొరకవు.

మీ వంతు

మీరే అలాంటి ఇంట్లో పెరుగుతుంటే మొహమాటం పక్కన పెట్టండి. ఏ కోర్సు చదవాలనుకుంటున్నారు, ఎన్నేళ్లు, ఎంత ఖర్చు, ఏ స్కాలర్‌షిప్ వస్తుంది, చివర్లో ఏ ఉద్యోగాలున్నాయి అన్నవి ఒక కాగితం మీద రాసి, ఇంట్లో పెద్దల ముందు పెట్టండి. ‘పని చూసుకుంటా’ అనే ముందు ఆ కాగితం చూపించండి. చాలాసార్లు వాళ్లు కాదనరు. మీకేం కావాలో తెలియకే ఊరుకుంటారు.

మీ పక్క బెంచీలో అలాంటి మిత్రుడుంటే, దరఖాస్తు చివరి తేదీ ఒకసారి గుర్తుచేయండి. అదీ సాయమే.