మీకు తెలుసా? విస్నూరు గడీ

• గడీ అంటే చిన్న కోట. నిజాం కాలంలో తెలంగాణ దొరలు, దేశ్‌ముఖులు కట్టుకున్న భవంతులకు ఆ పేరే స్థిరపడింది. చుట్టూ నిలువెత్తును మించిన ప్రహరీ, బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజా. లోపలే కచేరీ, ధాన్యం కొట్లు. ‘బాంచెన్ దొరా, కాల్మొక్త’ అననిదే గడప దాటేది లేదు.

• జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని విస్నూరు, దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడీతో పేరుమోసింది. ఆయన చేతిలో 60 గ్రామాలు, 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అప్పట్లో జనగామ నల్గొండ జిల్లాలో ఒక తాలూకా.

• చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ... ఏ కులం పని ఆ కులంతో గడీకి ఊరికే చేయించుకునేవారు. అదే వెట్టి.

• పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ (జనం నోట ‘సంఘం’) కార్యకర్తలు అడ్డుపడి ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు.

• 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు దొరల ఇంటి దగ్గరికి రాగానే తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా నిలిచాడు.

• కొసమెరుపు: ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ నివసించిన హైదరాబాద్ కోఠి భవనం మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు... చాకలి ఐలమ్మ!