కారణాంకాలు దాచుకున్న సంఖ్య

ఈ సంఖ్యను చూడండి:

147573952589676412927

ఇందులో 21 అంకెలున్నాయి. 67 రెండ్లను వరసగా గుణించి, వచ్చిన లబ్ధంలోంచి 1 తీసివేస్తే ఇది వస్తుంది. క్లుప్తంగా 2⁶⁷ − 1 అని రాస్తారు. ఇది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా? ఈ చిన్న ప్రశ్నకు పూర్తి జవాబు దొరకడానికి 250 ఏళ్ళకు పైగా పట్టింది!

మెర్సెన్ జాబితా

2² − 1 = 3, 2³ − 1 = 7, 2⁵ − 1 = 31, 2⁷ − 1 = 127. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. అయితే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలునని తొందరపడకండి. 2¹¹ − 1 = 2047. ఇది 23 × 89. అంటే సంయుక్త సంఖ్య.

257 వరకు ఏయే ఘాతాంకాలు ప్రధాన సంఖ్యలనిస్తాయో మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 67 ఉంది. 1876లో ఎడువార్ ల్యూకా అనే ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు అది తప్పని నిరూపించాడు. 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్యే! కాని దాని కారణాంకాలేమిటో ఆయన చెప్పలేకపోయాడు.

కారణాంకాలు తెలియకుండానే సంయుక్త సంఖ్య అని ఎలా తెలుస్తుంది? ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. 7 ప్రధాన సంఖ్య. దానికంటె ఒకటి తక్కువగా, అంటే 6 రెండ్లను గుణిస్తే 64. దాన్ని 7తో భాగిస్తే శేషం 1. 2 తప్ప ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలా శేషం 1 రావలసిందే. ఇది ఫెర్మా కనుగొన్న సూత్రం. ఇప్పుడు 15ను పరీక్షించండి. 2¹⁴ = 16384. 15తో భాగిస్తే శేషం 4. కనుక 15 ప్రధాన సంఖ్య కాదు. ఈ లెక్కలో 3, 5ల ప్రసక్తే రాలేదు, గమనించారా? ల్యూకా వాడిన పరీక్ష వేరు. కాని అదీ ఇలాగే కారణాంకాలతో పనిలేకుండా తీర్పు చెబుతుంది.

మాటలు లేని ఉపన్యాసం

1903 అక్టోబరు 31న న్యూయార్క్‌లో అమెరికన్ మేథమేటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ నల్లబల్ల దగ్గరికి నడిచాడు. ఒకవైపు 2⁶⁷ − 1 విలువ కట్టాడు. మరోవైపు

193707721 × 761838257287

అని రాసి గుణించాడు. రెండు జవాబులూ ఒక్కటే! ఒక్క మాటైనా మాట్లాడకుండా తన చోట కూర్చున్నాడు. సభ చప్పట్లతో మారుమోగింది. ఈ కారణాంకాల కోసం కోల్ మూడేళ్ళ ఆదివారాలు ఖర్చుపెట్టాడట. ఈ కథను ఇ.టి.బెల్ అనే గణితవేత్త తన పుస్తకంలో చెప్పాడు.

2⁶⁷ − 1 కారణాంకం ఏదైనా సరే, 134 గుణిజానికి 1 కలిపితే వచ్చేదే అయి ఉండాలి. 193707721 నుంచి 1 తీసివేసి 134తో భాగించి చూడండి: సరిగ్గా 1445580 వస్తుంది. ఒక్కొక్కటే ప్రయత్నిస్తే 14 లక్షలకు పైగా మెట్లన్నమాట! కోల్ అలా గుడ్డిగా పోలేదు. శేషాల లక్షణాలను బట్టి చాలా సంఖ్యలను ముందే ఏరివేశాడు.

కష్టమే కాపలా

గుణించడం సులువు, విడదీయడం కష్టం. ఈ తేడానే రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ 1977లో రహస్య సందేశాలకు తాళంగా మార్చారు. ఆ ఏడే 129 అంకెల సంఖ్యనొకదాన్ని విడదీయండని లోకానికి సవాలు విసిరారు. 1994లో సుమారు 600 మంది, 1600 కంప్యూటర్ల సాయంతో దాన్ని ఛేదించారు. అందుకే నేటి తాళాలకు 600కు పైగా అంకెల సంఖ్యలు వాడుతున్నారు.

మీరూ ప్రయత్నించండి: 2²³ − 1 = 8388607 సంయుక్త సంఖ్య. దీని కారణాంకాలు 46 గుణిజానికి 1 కలిపితే వచ్చేవే. కాగితం, పెన్సిలు చాలు. కోల్‌లా మూడేళ్ళు పట్టదు లెండి!