ఫోటో మళ్ళీ తీయాలట!

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. మొన్నీమధ్య మా పిన్నికి నడుము ఎక్స్‌రే తీయించాలని తెల్లవారుజామున బస్సెక్కాము. ఏ ఆసుపత్రికని అడగకండి. పేరుతో పని లేదు. ఇది చాలాచోట్ల జరిగే ముచ్చటే.

తొమ్మిదిన్నరకి చీటీ ఇచ్చారు. పన్నెండుకి పిలిచారు. తీరా తీశాక, లోపలినుంచి కుర్రవాడు తల బయటపెట్టి, ‘‘సార్, ఆమె కదిలింది. మళ్ళీ తీయాలి,’’ అన్నాడు.

‘‘బ్రీత్ హోల్డ్ చెయ్యమన్నాడు నాయనా! అదేందో నాకేం తెలుసు?’’ అన్నది పిన్ని.

నేను చెప్పింది విని కుర్రవాడు నవ్వాడు. రెండోసారి, ‘‘ఊపిరి బిగబట్టు తల్లీ,’’ అన్నాడు. బొమ్మ చక్కగా వచ్చింది. రిపోర్టు మాత్రం మర్నాడట!

బెంచీమీద కూర్చుని లెక్క వేశాను. కిరణాలు పడేది సెకను కూడా వుండదు. మాకు పట్టింది రెండు రోజులు. మిగతా కాలమంతా ఏమైనట్లు? యంత్రం మంచిదే, మనుషులూ మంచివాళ్ళే. ‘‘రోజుకి ఇలా ఎన్ని మళ్ళీ తీస్తారు బాబూ?’’ అని అడిగాను. ‘‘అదెవరు లెక్కపెడతారు సార్? ఎన్ని తీశారనే పైవాళ్ళు అడుగుతారు,’’ అన్నాడు.

అసలు కిటుకంతా ఇక్కడే వుంది. ఎన్ని తీశారన్నది ఒక్కటే లెక్కయితే, చేసేవాడు తొందరపడతాడు. తొందరపడితే బొమ్మ చెడుతుంది. చెడినదాన్ని మళ్ళీ తీస్తే, ఆ లెక్కలో పని రెండింతలు చేసినట్లే కనబడుతుంది! ఇదివరలో చెడిన ఫిల్ములు మూలన గుట్టగా పడివుండేవి. పెద్ద డాక్టరు కంట పడేవి. ఇప్పుడు కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే చెడిన బొమ్మ మాయం. దానితోబాటు లెక్కా మాయం.

ఇది కాలానికే కాదు, ఒంటికీ నష్టమే. చాతీ ఎక్స్‌రే ఒక్కదానితో సోకే కిరణాలు, ప్రకృతిలో మనకు సుమారు పది రోజుల్లో సోకేవాటితో సమానం. నడుము ఎక్స్‌రేకి అంతకు ఎన్నో రెట్లు. అందుకనే 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేనిదే మన దేశంలో ఈ యంత్రాలు నడపరాదు.

1992లో కప్లాన్, నార్టన్ అనే అమెరికా పెద్దమనుషులిద్దరు వ్యాపార సంస్థలకు ఒక సలహా చెప్పారు: డబ్బు లెక్క ఒక్కటే చాలదు, వచ్చినవాడి తృప్తి, లోపల పని సాగే తీరు, పనివాళ్ళు కొత్తగా నేర్చుకునేది, ఇవన్నీ ఒకేచోట పెట్టి చూసుకోవాలన్నారు. తర్వాత ఆసుపత్రులూ దీన్ని అందుకున్నాయి. ఎక్స్‌రే విభాగానికైతే ముందు ధ్యేయం తేల్చుకోవాలి. ‘‘దూరంనుంచి వచ్చిన రోగి అదే రోజు జవాబుతో ఇల్లు చేరాలి’’ అన్నారనుకోండి, కొలవవలసినవి వాటంతటవే తేలతాయి: చీటీ నుంచి ఫోటో దాకా ఎంతసేపు, ఫోటో నుంచి రిపోర్టు దాకా ఎంతసేపు, ఎన్ని మళ్ళీ తీశారు, ఎందుకు తీశారు, యంత్రం ఎన్ని గంటలు మూలపడింది. ‘ఎందుకు’ అన్న గడి వుండివుంటే, ‘బ్రీత్ హోల్డ్’ సంగతి వారం రోజుల్లో బయటపడేది. ఖర్చు? ఒక నోటుపుస్తకం! అయితే ఆ పుస్తకం తప్పు దిద్దడానికే వుండాలి. కుర్రవాణ్ణి దండించడానికి వాడితే, మర్నాటినుంచి అందులో అన్నీ సున్నాలే!

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టి, 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్నాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఆ కిరణాలతో మన జిల్లాకి పాత చుట్టరికమే వుంది. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయినవాళ్ళను పరీక్షించి, బావినీళ్ళలోని ఫ్లోరైడే కారణమని లోకానికి చెప్పారు. గట్టిపడిన ఎముకలను పట్టి ఇచ్చింది ఎక్స్‌రేయే. మెట్టసీమలో ఆ నీటిబాధ నేటికీ పూర్తిగా పోలేదు. మా ప్రాంతంవాళ్ళకు ఈ బొమ్మ ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

మర్నాడు రిపోర్టు చేతికొచ్చింది. బస్సులో పిన్ని దాన్ని ఒడిలో పెట్టుకుని, ‘‘ఆ పిల్లోడు మొదటే మన మాటలో చెప్పుంటే నేను కదులుతానా నాయనా?’’ అన్నది.

ఆ ఒక్క ముక్కా ఆసుపత్రి నోటుపుస్తకంలో మొదటి పేజీకెక్కితే బాగుండును.