రేఖాసాధన – సద్విమర్శ

ఆదివారం నాడు హైదరాబాదులోని అబిడ్స్ కాలిబాటలు పుస్తకాల అంగళ్లుగా మారతాయి. మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు రాశులుగా పరచుకొని ఉంటాయి. చిత్రలేఖనంపై ఆసక్తి గల యువతీయువకులు ఆ రాశుల్లో వెనుకటి చందమామలను, బొమ్మల కథలను వెదకుతారు. వారిలో పలువురి ఆకాంక్ష ఒక్కటే: జపాను ‘అనిమే’ శైలిలో కంప్యూటర్ తెరపై అందంగా బొమ్మలు గీయడం. ఈ విద్య ఎలా అలవడుతుంది? దీనికి సాధన ఒక్కటే చాలునా?

‘యానిమేషన్’ అనే ఆంగ్ల పదాన్ని జపనీయులు కుదించి పలికిన రూపమే ‘అనిమే’. అచ్చులో వెలువడే బొమ్మల కథను ‘మాంగా’ అంటారు. ఒసాము తెజుకా సృష్టించిన ‘అణుబాలుడి’ కథ 1963లో జపాను టెలివిజన్‌లో వారంవారం ప్రసారం కావడంతో ఈ శైలికి విశేష ప్రచారం లభించింది. చలనచిత్రంలో క్షణానికి 24 చట్రాలు కదులుతాయి. వారం తిరిగేసరికి కొత్త భాగం సిద్ధం చేయవలసి ఉన్నందున, ఒకే బొమ్మను మూడు చట్రాలపాటు నిలిపి, క్షణానికి 8 బొమ్మలతోనే సరిపెట్టే పద్ధతి వ్యాపించింది. తక్కువ బొమ్మలతో ఎక్కువ భావం పలికించాలి కనుక సరళరేఖలకు, విశాలనేత్రాలకు, ముఖకవళికలకు ప్రాధాన్యం పెరిగింది. జపాను నిర్మాత యుగో సాకో, భారతీయ యానిమేషన్ దర్శకుడు రామ్ మోహన్ తదితరుల కృషితో 1990ల తొలినాళ్లలో రామాయణం సైతం ఈ శైలిలో చిత్రంగా రూపొందింది. 2025లో అది తెలుగు సంభాషణలతో థియేటర్లకు వచ్చింది.

ఈ శైలిని అభ్యసించేవారు మొదట చేసే పొరపాటు పైమెరుగులను మాత్రమే అనుకరించడం. పెద్ద కళ్లు, గాలికి ఎగిరే జుట్టు, చిన్న ముక్కు వేస్తే బొమ్మ పూర్తయిందని భావిస్తారు. ముఖం ఎదురుగా ఉన్నంతవరకు లోపం బయటపడదు. తల కొంచెం పక్కకు తిరగగానే ఒక కన్ను చెంపపైకి జారినట్లు కనిపిస్తుంది. కారణం స్పష్టమే. కన్ను కాగితంపై అతికించిన ఆకారం కాదు. గుండ్రని కపాలంలో అమరిన అవయవం. పునాది తెలియనివాడు గోడకు ఎంత రంగు వేసినా ఇల్లు నిలువదు.

డిజిటల్ పరికరాలు ఎన్నో సౌకర్యాలు కలిగిస్తున్నాయి. చిత్తుగీతను, తుదిగీతను, రంగును వేర్వేరు పొరల మీద ఉంచవచ్చు. కలం ఒత్తిడిని బట్టి గీత సన్నగానో లావుగానో వస్తుంది. తప్పును క్షణంలో చెరపవచ్చు. అయితే, తెరలేని టాబ్లెట్‌పై చేయి బల్లమీద, చూపు తెరమీద ఉంటాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరడానికి ఓర్పు కావాలి. పైగా ఎంత సులభంగా చెరపగలిగితే అంత తొందరగా ఆలోచన లేని గీతలు వస్తాయి. అందుచేత అనుభవజ్ఞులు కాగితాన్ని పూర్తిగా విడిచిపెట్టవద్దని హెచ్చరిస్తారు.

కాగితంపై సాధనకు నాంపల్లి చక్కని పాఠశాల. 1907 నుండి ఉన్న రైల్వేస్టేషనులో మూటల మీద కునికే ప్రయాణికుడు, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి, కూలి కోసం బేరమాడే హమాలీ – ప్రతి ఒక్కరూ ఒక భంగిమను నేర్పుతారు. నిమిషంలో ఒక ఆకృతిని పట్టుకోవడం అలవాటైతే బొమ్మలో జీవం వస్తుంది. జపాను చిత్రకారుడు హొకుసాయ్ 1814లో ప్రచురించడం ప్రారంభించిన ‘మాంగా’ సంపుటాలలో ఉన్నవి ఇటువంటి నిత్యజీవిత పరిశీలనలే.

సమీపంలోని పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా చిత్రాల ప్రతికృతులు ఉన్నాయి. 1909–11 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హామ్ ఆధ్వర్యంలో అజంతా గుహలలో జరిగిన ప్రతిలేఖన కార్యంలో నందలాల్ బోస్ వంటివారితో పాటు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ పాల్గొన్నారు. పెద్దల గీతను అనుసరించి గీయడం చిన్నతనం కాదు. ఆ గీత ఎక్కడ వంగింది, ఎందుకు ఆగింది అని తెలుసుకోవడమే దాని ప్రయోజనం. కాని ప్రతికృతిని ప్రతికృతి అనే చెప్పాలి. తన సొంతమని చెప్పుకొనడం చౌర్యం.

ఎంత సాధన చేసినా తన తప్పు తనకు కనబడకపోవడం మానవ సహజం. గంటల తరబడి చూసిన కన్ను లోపానికి అలవాటుపడుతుంది. బొమ్మను అద్దంలో వలె తిప్పి చూస్తే కొన్ని దోషాలు బయటపడతాయి. మిగిలినవి బయటపడడానికి మరొకరి చూపు అవసరం. ‘బాగుంది’ అనే మాట ఆనందాన్నిస్తుంది గాని దారి చూపదు. ‘బాగాలేదు’ అనే మాట మనసు నొప్పిస్తుంది; అదీ దారి చూపదు. ‘కుడి భుజం ఎడమ భుజం కన్న పొట్టిగా ఉంది, మోచేతి స్థానం మరల కొలిచి చూడు’ అన్నదే సద్విమర్శ. అది చిత్రాన్ని ప్రశ్నిస్తుంది, చిత్రకారుణ్ణి కించపరచదు.

విమర్శను స్వీకరించడం కూడా ఒక విద్యే. ‘అది నా శైలి’ అని వెంటనే సమాధానం చెప్పేవాడు నేర్చుకొనే అవకాశాన్ని కోల్పోతాడు. తెలిసి వదిలినది శైలి, తెలియక వదిలినది లోపం. బాపు కొద్దిపాటి గీతలతో మనిషిని నిలబెట్టగలిగారంటే, ఏ గీత అనవసరమో ఆయనకు తెలియడం వల్లనే. ముగ్గురు ఒకే చోట వేలు చూపిస్తే అక్కడ లోపం ఉన్నట్లే. అయితే వారు సూచించిన మార్గమే సరైనదని అనుకోనక్కరలేదు. పరిష్కారాన్ని చిత్రకారుడే వెదకుకోవాలి.

హైదరాబాదులో 2001లో ఆరంభమైన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ను బుల్లితెరకు అందించింది. ఇటువంటి స్టూడియోలలో ఒకరి బొమ్మను మరొకరు పరిశీలించి దిద్దడం పనిలో భాగం. తొలి విమర్శకే కలం వదిలేసేవారికి ఆ వృత్తిలో చోటు దొరకడం కష్టం. మాట చెప్పగానే యంత్రం బొమ్మ గీసిపెట్టే కాలం వచ్చింది. అయినా ఆ బొమ్మలో తప్పెక్కడో, ఒప్పెక్కడో గుర్తించే దృష్టి సాధకునికే అలవడుతుంది.

కనుక అభ్యాసకుడు ప్రతి చిత్రం కింద తేదీ వేసి భద్రపరచాలి. ఆరు నెలల తరువాత అదే బొమ్మను మరల గీయాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పాత బొమ్మలోని లోపాలు అతనికే కనిపిస్తాయి. అవి కనిపించి సిగ్గు కలిగితే నిరాశ చెందనక్కరలేదు. చేతికన్న ముందు చూపు ఎదిగిందనడానికి అదే నిదర్శనం.