మందులకు లొంగని రక్తపోటు - నాడికి కరెంటు చికిత్స

“కరెంటు పెట్టి బీపీ తగ్గిస్తున్నారటగా మాష్టారూ! ఇక ఈ మాత్రలెందుకు?” అని మా వీధిలోని ఒక పెద్దమ్మగారు ఇటీవల నన్ను అడిగారు. అటువంటి చికిత్స ఉన్నమాట నిజమే. అయితే అది ఎవరికి, ఎప్పుడు అన్నది తెలుసుకొనుట అవసరం.

ఒంటిలోని ఉప్పును, నీటిని మూత్రంగా వెడలించే మాత్రతో సహా మూడు రకాల మందులు తగు మోతాదులో వాడినను పోటు 140/90కి దిగకపోతే, దానిని మందులకు లొంగని రక్తపోటు అంటారు. ఈ చికిత్స అట్టివారిని ఉద్దేశించినది.

మెడకు ఇరుప్రక్కల మెదడుకు రక్తము చేర్చే ధమనులున్నవి. వాటి గోడలలో పోటును కనిపెట్టే నాడీ తంతువులుంటాయి. పోటు పెరిగి గోడ సాగగానే అవి మెదడుకు కబురంపుతాయి. మెదడు గుండె వేగాన్ని తగ్గించి, రక్తనాళాలను సడలించి, మూత్రపిండాలచే ఉప్పును బయటకు పంపిస్తుంది. ఛాతీ పైభాగాన చర్మం క్రింద పేస్‌మేకరు వంటి చిన్న యంత్రాన్ని అమర్చి, తీగ ద్వారా ఆ ధమనికి స్వల్ప విద్యుత్తును పంపి, ఇదే కబురును పుట్టించడమే ఈ చికిత్స.

రియోస్ అనే తొలి యంత్రాన్ని 265 మందిపై పరీక్షించి 2011లో ఫలితాలు వెల్లడించారు. పలువురికి పోటు తగ్గినది. కాని ముందుగా పెట్టుకొన్న ఐదు లక్ష్యాలలో రెండు నెరవేరలేదు. అందులో ఒకటి శస్త్రచికిత్స భద్రతకు సంబంధించినదే. తరువాత వచ్చిన చిన్న యంత్రం బారోస్టిమ్‌కు అమెరికాలో 2019లో లభించిన అనుమతి గుండె వైఫల్యానికి. పైగా యంత్రం పెట్టించుకొన్నవారు మాత్రలు మానుకోవచ్చునని ఎవరూ చెప్పలేదు.

కనుక మొదట చూడవలసినది, మందు నిజంగా పనిచేయలేదా, లేక ఒంటికి చేరనే లేదా అన్నది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఊరగాయ, అప్పడాలతోనే అది సులభంగా దాటిపోతుంది. కొన్ని నొప్పి మాత్రలు కూడ పోటును పెంచుతాయి.

మన సరిహద్దు ఊళ్ళలో మరొక చిక్కున్నది. డాక్టరుగారు చెప్పేది కన్నడములో, చీటీ ఆంగ్లములో, ఇంటి మాట తెలుగు. పెద్దమ్మగారి మాత్రల అట్టలు మూడూ తెప్పించి చూచితిని. ఒకటి నిండుగా అట్లే ఉన్నది. అది మోకాళ్ళ నొప్పికి ఇచ్చినదనుకొన్నారట! ఆ అట్టలతోనే డాక్టరుగారి వద్దకు తిరిగి తీసుకొని వెళ్ళితిమి.

మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. ప్రతి అట్టమీద ఎందుకు, ఎప్పుడు వేసుకోవలెనో అడిగి తెలుగులో వ్రాయించుకొనండి. బడికి పోయే మనుమరాలు కూడ ఆ పని చేయగలదు.