పడుగు, పేక, జావాస్క్రిప్టు

షోలాపూరు సాఖర్‌పేట, అశోక్ చౌక్ ప్రాంతాలలో మరమగ్గాల చప్పుడు వింటూ పెరిగిన మన పిల్లలు కొందరు ఇవాళ కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తున్నారు. వాళ్ళ నోట తరచు వినబడే మాటలు రెండు: మాడ్యూలు, డిపెండెన్సీ. వీటి సంగతి ఇవాళ చెప్పుకుందాం.

దుప్పట్ల ఆర్డర్లు తీసుకునే వెబ్ అప్లికేషన్ ఒకటి ఉందనుకోండి. వెనుకటి పద్ధతిలో జావాస్క్రిప్టు ఫైళ్ళన్నీ ఒకే వాకిట్లో కూర్చునేవి. ఒక ఫైలులో 'వెల' అంటే కిలో నూలు వెల. మరో ఫైలులో అదే పేరుకు దుప్పటి అమ్మకపు వెల అని అర్థం. వెనక వచ్చింది ముందున్నదాన్ని చెరిపేసేది. తప్పు జరిగిందని యంత్రం చెప్పదు. బిల్లు చూసుకున్న వ్యాపారికే తెలుస్తుంది, అదీ సరుకు వెళ్ళిపోయాక!

2015లో జావాస్క్రిప్టు ప్రమాణంలోకే మాడ్యూళ్ళు వచ్చాయి. మన పేటలో అద్దకం ఒకరిది, పడుగు వేయడం ఒకరిది, నేత ఒకరిది. అద్దకం తొట్టిలో ఏ రంగు ఏ పాళ్ళలో కలిపారో నేసేవానికెందుకు? రంగునూలు చేతికొస్తే చాలు. మాడ్యూలూ అంతే. ఇవ్వదలచింది 'ఎక్స్‌పోర్ట్' అని బయటపెడుతుంది, మిగతాది ఇంట్లోనే ఉంచుకుంటుంది. కావలసినవారు 'ఇంపోర్ట్' అని పేరుపెట్టి అడిగి తీసుకుంటారు.

విభజన పనిని బట్టి ఉండాలి. ధర లెక్కలన్నీ ఒకచోట, నిల్వ లెక్కలు ఒకచోట. ఎక్కడా ఇమడనివన్నీ కుక్కే 'ఇతరములు' ఫైలు మాత్రం అటకమీది గోతం వంటిది, ఎంత చిన్నదైతే అంత మంచిది. అడగడం కూడా ఒక దిక్కుగానే సాగాలి. తెర ధరను అడగవచ్చు, ధర తెరను అడగరాదు. ధర నిల్వనూ, నిల్వ ధరనూ అడిగితే, ఒకటి సిద్ధం కాకముందే రెండోది చేయి చాపుతుంది, పని ఆగిపోవచ్చు. రెంటికీ కావలసినదాన్ని మూడో మాడ్యూలుగా విడదీస్తే చిక్కు వీడుతుంది.

ఇక బయటి సరుకు. ఊరూపేరూ తెలియనివారు రాసిన ప్యాకేజీలను ఎన్‌పీఎం అనే భాండారం నుంచి తెచ్చుకుంటాం. అవి మరికొన్నింటిపై ఆధారపడతాయి. 2016 మార్చి 22న 'లెఫ్ట్‌ప్యాడ్' అనే 11 పంక్తుల ప్యాకేజీని దాని రచయిత తీసేశాడు. పెద్ద పెద్ద సంస్థలవారి ప్రోగ్రాములు కూడా తయారుకాక నిలిచిపోయాయి. సుమారు రెండు గంటల తర్వాత దాన్ని తిరిగి పెట్టారు. పదకొండు పంక్తులు మనమే రాసుకోవచ్చు కదా అని అప్పుడు చాలామందికి తోచింది.

దుప్పటి సగంలో నూలు లాటు మారితే రంగు తేడా కనబడుతుందని మన ఆడవాళ్ళకు కూడా తెలుసు, కండెలు చుట్టే చేతులు వారివే గనుక. ప్యాకేజీల లాటు నంబర్లు రాసి ఉంచేది 'లాక్ ఫైలు'. దాన్ని చెత్త అనుకొని తీసేయకుండా ప్రోగ్రాముతో పాటే భద్రపరచాలి. కొత్త కంప్యూటర్‌లో 'ఎన్‌పీఎం సీఐ' అని ఆజ్ఞ ఇస్తే ఆ నంబర్ల సరుకే వస్తుంది.