మన నెత్తి మీది గాలిమోటరు

కల్వకుర్తి చేలల్లో పత్తి ఏరేవాళ్లు ‘గాలిమోటరు’ చప్పుడు వినగానే ఓసారి తల ఎత్తి చూస్తారు. నల్గొండలో మేడ మీద బట్టలారేసే ఇల్లాలికీ అది అలవాటైన చప్పుడే. ఆ విమానం ఎక్కడిదో, ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా ఆలోచించారా?

పటం ముందేసుకుని శంషాబాద్ నుంచి కడప విమానాశ్రయానికి ఓ తిన్నని గీత గీయండి. పొడవు సుమారు 305 కిలోమీటర్లు. ఆ గీత సరిగ్గా కల్వకుర్తి మీదుగా, అచ్చంపేట పక్కగా నల్లమల దాటుతుంది. ఇప్పుడు గన్నవరానికి మరో గీత. ఇది దాదాపు 265 కిలోమీటర్లు. నల్గొండ పట్టణాన్ని దాదాపు ఒరుసుకుంటూ పోతుంది. విమానాలు అచ్చంగా గీత మీదే నడవవు. వాటి దారులు, మలుపులు వేరు. అయినా మన రెండు జిల్లాల ఆకాశం దాటక తప్పదు.

37 నిమిషాలు... గంట ఎందుకైంది?

ఈ దూరాలకు ఎక్కువగా వాడే ఏటీఆర్ విమానం పైకెక్కాక గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన కడప 37 నిమిషాల దారి. కానీ టికెట్టు మీద గంట అని ఉంటుంది. కారణం ఉంది. రన్‌వే దాకా మెల్లగా నడవాలి, పైకెక్కాలి, దిగేటప్పుడు వేగం తగ్గించాలి, వరుసలో ఆగాలి. దగ్గరి ఊళ్లకు ఈ హంగామాకే సగం సమయం పోతుంది.

గాలి లెక్క కూడా ఉంది. దుబాయ్ మనకు 2,550 కిలోమీటర్లు. పోయేటప్పటికంటే వచ్చేటప్పుడు సాధారణంగా తొందరగా చేరతాం. పైన పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది మరి!

వెనక్కి పోతేనే ముందుకు

2017 ఏప్రిల్ 27న ‘ఉడాన్’ పథకం కింద మొదలైన తొలి విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలే అన్నారు. కానీ కల్వకుర్తి మనిషి కడప పోవాలంటే? ముందు ఉత్తరాన శంషాబాద్‌కు రెండు గంటల బస్సు. అక్కడ గంటన్నర, రెండు గంటల నిరీక్షణ. ఆపైన విమానమెక్కి... తన ఊరి మీదుగానే వెనక్కి! నల్గొండ మనిషి సంగతి మరీ చిత్రం. శంషాబాద్ చేరే వేళకు, విజయవాడ బస్సెక్కితే కోదాడ దాటిపోయేవాడు.

మరి మనకో విమానాశ్రయం?

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారడంతో పాలమూరుకు విమానం దగ్గరైంది. ఆ దగ్గరే అడ్డు కూడా అయింది. 150 కిలోమీటర్ల లోపు కొత్త విమానాశ్రయం రాకూడదన్నది శంషాబాద్ ఒప్పందంలోని షరతు. గాలి దారిలో మహబూబ్‌నగర్ 73, నల్గొండ 92 కిలోమీటర్లే. తెలంగాణ ప్రభుత్వం పరిశీలించిన ఆరు చోట్లలో దేవరకద్ర ప్రాంతమూ ఉంది. అయితే ముందడుగు వరంగల్ మామునూరుది. అదీ 150 కిలోమీటర్ల లోపలే ఉన్నా, శంషాబాద్ నిర్వాహకులు ఒప్పుకోవడంతో 2025లో కేంద్రం అనుమతించింది. అంటే షరతు రాతిగీత కాదన్నమాట.

అందాకా టికెట్టు మీది గంటను నమ్మకండి. ఇంటి గడప నుంచి లెక్కపెట్టుకోండి. విమానమా, బస్సా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.